రాగి చెంబు, ఇత్తడి బిందె, కుండ, స్టీలు బాటిల్: తాగే నీళ్ళ పాత్రను ఎంచుకోవడం, కడగడం, సరిచూసుకోవడం ఎలా?

"అక్కా, రాగి బాటిల్ కొన్నాను. రాత్రంతా నీళ్ళు పోసి ఉంచి పొద్దున్నే తాగుతున్నాను, మంచిదేనా?" "మేడమ్, మా అత్తయ్యగారు ఇత్తడి బిందెలోనే నీళ్ళు పట్టమంటున్నారు, పట్టొచ్చా?" "టిన్ను నీళ్ళు కుండలో పోసుకుంటే ఇంకేం చూసుకోవాలి?" వారానికి రెండు మూడుసార్లైనా ఎవరో ఒకరు ఇవే అడుగుతున్నారు. నేను కోనసీమలో ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను కాబట్టి ఈ ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే, వంటింట్లో పక్కన పెట్టుకుని చేసుకోవడానికి వీలుగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

ఒక్క సంగతి మొదటే చెప్పాలి. లోహం పేరు చూసి "ఇది ఆరోగ్యం, అది విషం" అనేయడం కుదరదు. అదే రాగి చెంబు మంచినీళ్ళకు బాగానే ఉంటుంది, మజ్జిగకు ప్రమాదం. పాత్రలో ఏం పోస్తున్నాం, ఎంతసేపు ఉంచుతున్నాం, లోపల ఎలా కడుగుతున్నాం అన్నవే అసలు ప్రశ్నలు. కింద చెప్పిన పనులన్నీ ఈ మూడింటి కోసమే.

కావాల్సినవి

- ఇంట్లో నీళ్ళు తాగే, నిలవుంచే పాత్రలన్నీ. స్కూల్ బాటిళ్ళు, బండి డిక్కీలో ఉండిపోయిన సీసా కూడా
- చిన్న అయస్కాంతం (ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ వెనక ఉండేది చాలు)
- ఫోన్ లైటు
- ఉతికిన తెల్లటి నూలు గుడ్డ
- చింతపండు, కల్లుప్పు, కొబ్బరి పీచు, గుప్పెడు బియ్యం
- పొడవాటి పిడి ఉన్న బాటిల్ బ్రష్
- బొమ్మలు, గీతలు లేని గాజు గ్లాసు ఒకటి

1. ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా పాత్ర కొనడానికి వెళ్ళిపోతారు. మన డెల్టాలో నీళ్ళు ఊరికో రకం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళు మంచినీళ్ళ చెరువులో పడి కుళాయికి వచ్చే ఊళ్ళు కొన్ని. సఖినేటిపల్లి, మలికిపురం, మొగల్తూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇక ఆర్వో ప్లాంటు టిన్ను తెచ్చుకోని ఊరు ఇప్పుడు దాదాపు లేదు. మూడింటికీ పాత్ర విషయంలో జాగ్రత్తలు వేరు.

*కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు:* గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో బిందె అడుగున వేలు మందం ఒండ్రు దిగుతుంది. పటిక ముక్కను బిందెలో రెండు మూడు చుట్లు తిప్పి తీసేయండి. లేదా మన అమ్మమ్మలు చేసినట్టు చిల్లగింజను గరుకు రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి ఆ గంధం కలపండి. తేరుకున్నాక పైనీళ్ళు మెల్లగా వేరే పాత్రలోకి వంచుకోండి. పటికైనా చిల్లగింజైనా మట్టిని దించుతుంది, క్రిములన్నిటినీ చంపదు. కాబట్టి తేరిన నీళ్ళను పొయ్యి మీద పెట్టి, బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచి దించాలి. లేదంటే క్లోరిన్ బిళ్ళ, దాని అట్ట మీద రాసిన లెక్క ప్రకారం.

హెచ్చరిక: పటికను రాగి బిందెలోనో ఇత్తడి బిందెలోనో తిప్పకండి. పటిక నీళ్ళకు పులుపు స్వభావం తెస్తుంది. ఆ పులుపు రాగిని కరిగిస్తుంది. తేర్చే పని స్టీలు బిందెలోనో కుండలోనో చేసుకోండి.

*ఉప్పు నీళ్ళు:* మరిగిస్తే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఇలాంటి నీళ్ళు స్టీలుకి కూడా సన్నటి గుంటలు పెడతాయి. వీటిని ఏ లోహపు పాత్రలోనూ నిలవ పెట్టకండి.

*టిన్ను నీళ్ళు:* ఆర్వో నీళ్ళలో ఖనిజాలు తక్కువ, చాలాసార్లు కాస్త ఆమ్లం వైపు మొగ్గి ఉంటాయి. అలాంటి నీళ్ళు లోహాన్ని మామూలు నీళ్ళకంటే తొందరగా పట్టుకుంటాయి. "మేం ప్యూర్ వాటరే రాగిలో పోస్తున్నాం" అని ధీమాగా చెప్పేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఆర్వో నీళ్ళయితే రాగిలో ఉంచే సమయం సగానికి తగ్గించండి.

టీడీఎస్ మీటర్ కొనుక్కుని అంతా తెలిసిపోయిందనుకోవడం ఈమధ్య చాలామంది చేస్తున్న పొరపాటు. అది నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో ఒక అంకె చెబుతుంది, అంతే. సీసం ఉందా, క్రిములున్నాయా అన్నది దానికి తెలియదు. 80 చూపించే నీళ్ళలో కూడా విరేచనాల క్రిమి ఉండొచ్చు.

2. పాత్ర దేనితో చేసిందో గుర్తుపట్టండి

అన్నీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటి చూడండి.

రాగి, ఇత్తడి, కంచు, సత్తు (అల్యూమినియం) వీటిలో దేనికీ అయస్కాంతం అంటుకోదు. "రాగి బాటిల్" అని కొన్నదానికి అంటుకుంటే లోపల ఇనుమో స్టీలో ఉండి పైన రాగి పూత వేశారన్నమాట. అడుగున ఒక మూల సూదితో చిన్న గీత గీయండి. గీత తెల్లగా కనిపిస్తే పూతే. పూత సామాను తాగే నీళ్ళకు వద్దు.

స్టీలు దగ్గర మాత్రం అయస్కాంతం మాట నమ్మకండి. "అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలు" అని అంగళ్ళలో చెబుతారు. 304 రకానికీ అంటదు, దానికంటే తక్కువ రకమైన 202కీ అంటదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, ఉప్పు తగిలితే అది తొందరగా తుప్పు పడుతుంది. రెండిటినీ విడదీయడానికి అడుగున అచ్చు చూడాలి, బిల్లు మీద రాయించుకోవాలి. 304 గ్లాసు వంపు తిరిగిన చోట అయస్కాంతం కొద్దిగా లాగినా కంగారు పడక్కర్లేదు, వంచినప్పుడు దానికి ఆ గుణం వస్తుంది.

పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పంచే "జర్మన్ సిల్వర్" గ్లాసుల్లో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పూజ గదిలో పెట్టుకోండి, అందులో నీళ్ళు తాగకండి.

గాజు గ్లాసు మీద అంచు దగ్గర రంగు గీతలు, పువ్వులు ఉంటే తాగడానికి వాడకండి. ఆ రంగుల్లో సీసం, కాడ్మియం కలిసే అవకాశం ఉంది. పెదవి తగిలే చోటే అవి అరుగుతాయి. పింగాణీ పూత పెచ్చులూడిన మగ్గు కూడా పక్కన పెట్టేయండి.

3. రాగి చెంబు, రాగి బాటిల్ కడగడం

ప్రశ్నల్లో సగానికి పైగా రాగి గురించే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

చెంబు బయట అద్దంలా మెరుస్తుంటుంది. ఫోన్ లైటు వేసి మెడ లోపల చూడండి. భుజం దగ్గర, చెయ్యి దూరని ఆ వంపులో, పచ్చగా ఒక వలయం కనిపిస్తుంది. కింది సగం ఎర్రగా, నీళ్ళు నిలిచే గీత దగ్గర నల్లగా, ఆ పైన పాచిలాంటి లేత ఆకుపచ్చ. అదే కిలుం. మా పెద్దమ్మ రోజూ పూజకు ముందు చింతపండుతో తోమే చెంబులో కూడా నేను లైటు వేసి చూపించేదాకా ఆవిడకి ఆ పచ్చ వలయం తెలియదు. గోధుమ రంగు, నలుపు అయితే భయం లేదు, అది గాలికి పట్టే మామూలు పొర. పచ్చ, నీలం మాత్రం నీళ్ళలోకి దిగిపోయే రాగి లవణం.

చెంబుకైతే:

- నిమ్మకాయంత చింతపండు కాసిని నీళ్ళలో నానబెట్టి, చెంచాడు కల్లుప్పు కలపండి.
- కొబ్బరి పీచుతో లోపలంతా, ముఖ్యంగా మెడ కింద, వేళ్ళు మడిచి రుద్దండి. ఇనప పీచు వద్దు, గీతలు పడితే కిలుం ఆ గీతల్లోనే మొదలవుతుంది.
- రెండు మూడు నిమిషాలు చాలు. చింతపండు పట్టించి గంటసేపు వదిలేయకండి.
- మంచినీళ్ళతో కనీసం నాలుగుసార్లు తొలవండి.
- తెల్లగుడ్డతో లోపల తడి లేకుండా తుడిచి, బోర్లించి ఆరబెట్టండి.

మూతి సన్నగా ఉన్న బాటిలైతే గుప్పెడు బియ్యం, చెంచాడు ఉప్పు, అరచెక్క నిమ్మరసం, పావు గ్లాసు నీళ్ళు పోసి మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. బియ్యం గింజలు మూలమూలలా రుద్దుతాయి. ఆ బియ్యం కోళ్ళకు కూడా వేయకండి, పారేయండి. మూత మరల సందుల్లో, రబ్బరు వాచరు కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వాసన వచ్చేది సాధారణంగా అక్కడి నుంచే.

పొరపాటు: పులుపుతో తోమి, ఒక్కసారి తొలిచి, వెంటనే తాగే నీళ్ళు పోసేయడం. గోడకు మిగిలిన పులుపే రాగిని నీళ్ళలోకి లాగుతుంది. తోమిన రోజు మొదటిసారి పోసిన నీళ్ళు అరగంట ఉంచి మొక్కలకు పోయండి. రెండోసారి పోసినవే తాగండి.

ఎన్నాళ్ళకోసారి తోమాలి? రోజూ వాడితే వారానికి రెండుసార్లు. మిగతా రోజుల్లో ఉత్త నీళ్ళతో కడిగి తుడిస్తే చాలు. బయట మెరుపు కోసం వాడే పొడులు లోపల వాడకండి.

4. రాగిలో నీళ్ళు పోయడం, ఉంచడం, తాగడం

రాగికి క్రిములను చంపే గుణం నిజంగానే ఉంది. 2012లో బెంగళూరు పరిశోధకులు విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా కలిపిన నీళ్ళను రాగి కుండల్లో గది వేడిమిలో 16 గంటలు ఉంచి చూశారు. ఆ తర్వాత బ్యాక్టీరియా పెరగలేదు. నీళ్ళలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లోపలే ఉంది. ఆ పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ఇంకా గట్టిది: 0.05 మి.గ్రా. ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

అయితే అది 16 గంటల లెక్క. రాత్రి పదికి పోసి పొద్దున ఐదుకి తాగితే ఏడు గంటలే అయింది. కాబట్టి "రాగి ఉందిగా" అని కాచకుండా కాలువ నీళ్ళు పోయకండి. తాగడానికి పనికొచ్చే నీళ్ళనే రాగిలో పోయాలి.

- రాత్రి పడుకునే ముందు చల్లారిన, శుభ్రమైన నీళ్ళు పోసి మూత పెట్టండి.
- పొద్దున ఒకటి రెండు గ్లాసులు తాగండి. రోజంతా తాగే నీళ్ళు స్టీలు, గాజు, కుండ దేన్లోనైనా ఉంచుకోండి. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన రాగి సుమారు 0.9 మి.గ్రా. పప్పులు, నువ్వులు, జీడిపప్పు, రొయ్యలు తినే మనకు అది తిండిలోనే దొరుకుతుంది. నీళ్ళ ద్వారా తెచ్చుకోవాల్సిన అవసరమేమీ లేదు.
- మిగిలినవి సాయంత్రానికి పారబోయండి. ఊరెళ్ళి నాలుగు రోజుల తర్వాత వచ్చి చెంబులో ఉన్న నీళ్ళు తాగకండి.

రాగిలో ఎప్పుడూ పోయకూడనివి: మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పానకం, కొబ్బరినీళ్ళు, పళ్ళరసం, సోడా, ఓఆర్‌ఎస్, పాలు, వేడి టీ, కాఫీ.

ఈ జాబితా నేను కెమిస్ట్రీ పుస్తకంలోంచి మాత్రమే రాయడం లేదు. ఒక ఏప్రిల్ నెలలో మా అబ్బాయికి స్కూలుకి రాగి బాటిల్లో మా ఇంట్లోనే ఎవరో నిమ్మరసం, ఉప్పు, పంచదార కలిపి పంపారు. ఎండకి మంచిదనే పంపారు. పదకొండు గంటలకి వాడికి వాంతులు. నోట్లో నాణెం పెట్టుకున్నట్టుందమ్మా అన్నాడు. బాటిల్లో మిగిలిన నీళ్ళు గాజు గ్లాసులో వంచితే అడుగున లేత నీలం పచ్చ ఛాయ కనిపించింది. ఇంట్లో కలిపినప్పటి నుంచి అప్పటిదాకా కొన్ని గంటలే అది అందులో ఉంది. వాడు సాయంత్రానికి తేరుకున్నాడు. కానీ పిల్లల చేతికి రాగి బాటిల్ ఇవ్వొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఆ మధ్యాహ్నమే కారణం. వాళ్ళు బడిలో ఏం కలుపుకుంటారో మనం చూడలేం.

రాగి నీళ్ళు తాగకూడనివాళ్ళు: విల్సన్ జబ్బు ఉన్నవాళ్ళు (పుట్టుకతో రాగిని బయటికి పంపలేని శరీరం), కాలేయం జబ్బులకు మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదు. ఏడాది లోపు పిల్లలకు ఇవ్వనే ఇవ్వకండి. డబ్బాపాలు కలపడానికి కూడా రాగి చెంబులో నీళ్ళు వాడొద్దు.

5. ఇత్తడి, కంచు: కళాయి చూసుకోండి

ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. ఇత్తడిని చెక్కడానికి తేలిగ్గా ఉంటుందని కొన్ని రకాల్లో సీసం కూడా కలుపుతారు. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి సామాను చేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంట్లో కాగు, గంగాళం అక్కడివే. బలమైన, అందమైన సామాను. నా తగువు ఇత్తడితో కాదు, కళాయి (లోపల వేసే తగరం పూత) లేని ఇత్తడిలో తాగే వస్తువులు ఉంచడంతోనే.

పసిపిల్లల పాల విషయంలో ఇది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. మన దేశంలో ఒకప్పుడు పసివాళ్ళకు కాలేయం గట్టిపడి చనిపోయే జబ్బు ఉండేది. 1980ల్లో పుణె వైద్యులు, బ్రిటన్ పరిశోధకులు కలిసి చూస్తే, ఆ పిల్లల్లో చాలామందికి చిన్నప్పటి నుంచే కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవుంచిన పాలు పట్టేవారని తేలింది. స్టీలు, అల్యూమినియం పాత్రలు వచ్చాక ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా సరైన కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండిన, నిలవుంచిన ఆహారాన్ని తినడానికి పనికిరానిదిగానే లెక్కించాయి.

ఇత్తడి బిందెలో మంచినీళ్ళు పట్టుకోవాలనుకుంటే ఇలా చేయండి:

- లైటు వేసి లోపల చూడండి. కళాయి ఉంటే వెండిలా తెల్లగా ఉంటుంది. మచ్చలు మచ్చలుగా పసుపు బయటపడిందంటే కళాయి అరిగిపోయినట్టే.
- కళాయి వేసేవాళ్ళ దగ్గర కూర్చుని వేయించుకోండి. బిందెను బొగ్గుల మీద ఎర్రగా కాగనిచ్చి, నవాసాగరం చల్లుతారు, తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడు తగరం కడ్డీ తాకించి దూదితో గిర్రున తిప్పుతూ తుడుస్తారు. చూస్తుండగానే పసుపు తెల్లబడుతుంది. ఆ పొగ పీల్చకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.
- తగరం కడ్డీని అడిగి తీసుకుని తెల్లకాగితం మీద గట్టిగా గీయండి. పెన్సిల్ గీతలా నల్లగా పడితే అందులో సీసం కలిసి ఉందని అనుమానించాలి. వేరే చోటికి వెళ్ళండి. ఇది అనుమానం పట్టుకోవడానికే, తేల్చి చెప్పాల్సింది ల్యాబే.
- వేయించాక బిందె నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచి పారబోయండి. ఇలా రెండుసార్లు.
- తర్వాత దాన్ని పీచుతో, బూడిదతో గట్టిగా తోమకండి. మెత్తటి గుడ్డ చాలు.

సీసం గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే, అది రుచిలో తెలియదు, రంగులో తెలియదు. పిల్లల మెదడుకు ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదే లేదు. నీళ్ళలో దాని పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా. మాత్రమే.

ప్రయాణాలకు వాడిన పాత మరచెంబుల మరల దగ్గర కళాయి నిలవదు. వాటిని జ్ఞాపకంగా ఉంచుకోండి.

6. కుండ, కూజా

ఎండాకాలానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనది కుండే. నీళ్ళలోకి రాగి దిగుతుందన్న భయం లేదు, కరెంటూ అక్కర్లేదు. కుండ చల్లబరిచేది గోడల్లోంచి చెమ్మ ఆవిరవడం వల్ల. అందుకే సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి ఉక్కగా ఉన్న రోజుల్లో కుండ అంతగా చల్లబడదు. కుండ చెడిపోయిందని పారేయకండి, గాలి తగిలే వసారాలోకి మార్చి చూడండి.

కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో ముంచి ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, ఇంకో రెండుసార్లు నింపి పారబోయండి. సబ్బు, లిక్విడ్ వద్దు, మట్టి రంధ్రాలు వాటిని పీల్చుకుని తర్వాత నీళ్ళలోకి వదులుతాయి. కొబ్బరి పీచు, వేడినీళ్ళు చాలు. తడి ఇసుక మీద కూర్చోబెట్టి, మూకుడు మూయండి. మూడు నాలుగు రోజులకోసారి పూర్తిగా వంపేసి, కడిగి, ఎండలో బోర్లించండి. ఇందుకోసం రెండు కుండలు ఉంచుకుంటే హాయి.

లోపల నున్నగా, గాజులా మెరిసే పూత ఉన్న రంగు కుండలు, బాటిళ్ళు కొనకండి. ఆ పూతల్లో కొన్నిటిలో సీసం ఉంటుంది, పైగా పూత ఉన్న కుండ చల్లబరచదు.

కుండ నీళ్ళతో జబ్బు వచ్చిందంటే చాలాసార్లు కారణం మట్టి కాదు, గ్లాసు. వేళ్ళతో సహా ముంచిన గ్లాసు. పొడవాటి కాడ ఉన్న గరిటె పెట్టండి, దాన్ని కుండ మీద కాకుండా మేకుకి తగిలించండి. కుళాయి ఉన్న కుండైతే ఇంకా మంచిది, కానీ ఆ కుళాయి లోపల వారానికోసారి సన్న బ్రష్ పెట్టి రుద్దాలి.

7. స్టీలు, సత్తు, గాజు

రోజువారీకి ఏం కొనమంటారని అడిగితే నా జవాబు 304 స్టీలు, లేదా గాజు. కొత్త స్టీలు బాటిల్లో తయారీ నూనె, పొడి ఉంటాయి. వేడినీళ్ళు, వంటసోడా వేసి ఒక గంట ఉంచి బ్రష్‌తో తోమండి. తెల్లగుడ్డ పుల్లకు చుట్టి లోపల తుడిస్తే నల్లగా వస్తుందేమో చూడండి, రాకుండా అయ్యేదాకా కడగండి. వేడి నిలిపే ఫ్లాస్కు అడుగున బిళ్ళ ఊడితే వాడటం ఆపేయండి. కొన్ని రకాల్లో అక్కడ గాలి బిగించడానికి సీసం కలిసిన టంకం వాడతారు.

సత్తు బిందె మంచినీళ్ళు తేవడానికి ఫర్వాలేదు. నిలవకు, ఉప్పుకు, పులుపుకు వద్దు. లోపల తెల్లటి పొక్కులు, గుంటలు పడితే మార్చేయండి.

8. ప్లాస్టిక్ టిన్ను, బాటిల్, టీ కవరు

అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 అంటే దుకాణంలో కొన్న నీళ్ళ బాటిల్ రకం, మళ్ళీ మళ్ళీ నింపడానికి చేసింది కాదు. 2, 5 నీళ్ళకు కాస్త నయం. 7 అంటే మిగతా రకాలన్నీ, గట్టి నీలం టిన్నులు చాలావరకు ఇందులోని పాలీకార్బనేటే. దాన్నుంచి బిస్ఫినాల్-ఏ అనే పదార్థం, ముఖ్యంగా వేడికి, పాతబడ్డాక, నీళ్ళలోకి దిగుతుంది. పాలసీసాలకు పాలీకార్బనేట్ వాడకూడదని మన దేశ ప్రమాణంలో 2015లోనే పెట్టారు.

టిన్ను తీసుకునేటప్పుడు ఎత్తి వెలుతురుకు పట్టి చూడండి. లోపల పచ్చ నాచు, తెల్లబారిన గీతలు, మసక ఉంటే మార్చి ఇమ్మని అడగండి. ఎండలో ఆటో మీద గంటలు ఉన్న టిన్ను తీసుకోకండి. ఇంటికి రాగానే నీళ్ళు స్టీలు బిందెలోకో కుండలోకో మార్చేయండి.

వేడి విషయంలో రాజీ లేదు. వేడి టీ ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవడం మానేయండి, ఇంటి నుంచి స్టీలు ఫ్లాస్కు పట్టుకెళ్ళండి. పేపరు కప్పు కూడా లోపల ప్లాస్టిక్ పొరే. 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్లు పావుగంట అందులో ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధనలో తేలింది.

9. సరిగ్గా చేశామో లేదో సరిచూసుకోవడం

- *తెల్లగుడ్డ పరీక్ష:* కడిగి ఆరిన పాత్ర లోపల తడి తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. పచ్చ, నీలం, నలుపు అంటితే మళ్ళీ కడగాలి.
- *గాజు గ్లాసు పరీక్ష:* రాత్రి నిలిచిన నీళ్ళు గాజు గ్లాసులో పోసి తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. రంగు ఛాయ, తెట్టు కనిపిస్తే తాగొద్దు. రంగు లేనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, రంగు ఉంటే మాత్రం కచ్చితంగా బాగాలేనట్టే.
- *రుచి:* వగరు, నాణెం రుచి తగిలితే ఆ గుక్క ఉమ్మేయండి. పాత్ర ఖాళీ చేయండి.
- *శరీరం:* తాగిన గంటా రెండు గంటల్లో కడుపులో తిప్పడం, వాంతి వస్తే ఆ పాత్ర ఆపేయండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏ పాత్రలో ఏం తాగారో కూడా చెప్పండి. ఆ మాట మనం చెప్పకపోతే వాళ్ళకు తట్టకపోవచ్చు.
- *క్రిములకు:* జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళలో నీళ్ళు పరీక్షించడానికి మహిళలకు శిక్షణ ఇచ్చి కిట్లు ఇచ్చారు. మీ పంచాయతీలో అడగండి. ఆ కిట్లోని చిన్న సీసాలో పోసి ఉంచిన నీళ్ళు నల్లబడితే కలుషితమైనట్టు. కుళాయి నీళ్ళు ఒకసారి, మీ బిందెలో నీళ్ళు ఒకసారి, రెండూ పరీక్షించమనండి. కుళాయివి బాగుండి బిందెవి నల్లబడితే తేడా మీ ఇంట్లోనే ఉంది.
- *లోహాలకు:* సీసం, రాగి తేలాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ల్యాబులోనో ప్రైవేటు ల్యాబులోనో "ఈ లోహాలు చూస్తారా" అని ముందే అడిగి ఇవ్వండి. అనుమానం ఉన్న పాత్రలోనే రాత్రంతా ఉంచిన నీళ్ళు పట్టుకెళ్ళండి. కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు ఇస్తే పాత్ర సంగతి తెలియదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు ప్రశ్నలు

"పొద్దున్నే రాగి నీళ్ళు మానేస్తే ఏమైనా అవుతుందా?" ఏమీ కాదు. ఇష్టమైతే పైన చెప్పినట్టు తాగండి, టెన్షన్ ఉంటే మానేయండి.

"అమ్మమ్మగారి ఇత్తడి బిందెలు నాలుగున్నాయి, కళాయి వేసేవాళ్ళు దొరకడం లేదు, పాత సామానుకి వేసేయమంటారా?" వేయకండి. లోపల చింతపండుతో ఒకసారి తోమి, రెండు రోజులు ఎండలో పెట్టి, చెమ్మ లేకుండా ఆరాక బియ్యం, మినుములు, పెసలు పోసుకోండి. పొడి గింజలకు ఇత్తడి వల్ల ఇబ్బంది లేదు. ఉప్పు, చింతపండు, పచ్చళ్ళు మాత్రం అందులో పెట్టకండి. వర్షాకాలంలో నెలకోసారి మూత తీసి, అడుగు దాకా చెయ్యి పెట్టి చెమ్మ తగులుతోందేమో చూసుకోండి. తగిలితే గింజలు చేటలో పోసి ఎండబెట్టి, బిందె తుడిచి మళ్ళీ నింపండి.